మచ్చల ఆకుల కాలా లిల్లీ: కుండీకి సరే, అప్పుకు వద్దు

(మన సమాఖ్య వార్షిక మహాసభలో పెరటి తోటల ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్లు ఇప్పటిదాకా విన్నరు. ఇప్పుడు కొంచెం పెరటి ముచ్చట. ఈ ఏడు మా ఉపసంఘాన్ని ఎక్కువమంది అడిగిన మొక్క ఒకటున్నది. ఆకు మీద తెల్లటి చుక్కలు, గరాటు లెక్క చుట్టుకున్న పువ్వు. దాని పేరు కాలా లిల్లీ. ఫోన్ల వీడియోలు చూసినోళ్లు, నర్సరీల చూసినోళ్లు రెండు ప్రశ్నలు అడిగిండ్రు. మన ఎండకు ఇది బతుకుతదా? సంఘంలో అప్పు తీసుకొని దీన్ని పెంచి అమ్ముకోవచ్చునా? జవాబు ముందే చెప్తం. ఒక కుండీలో సంతోషంగా పెంచుకోండి, అప్పు మాత్రం చెయ్యొద్దు. ఎందుకో వివరంగా వినండి.

పేరు లిల్లీ, వంశం చామగడ్డది

పేరులో లిల్లీ ఉన్నది కానీ ఇది లిల్లీ కాదు. మనం దండలు కట్టే లిల్లీ పూలు వేరు, వాటితో దీనికి చుట్టరికం లేదు. కాలా లిల్లీ మన చామగడ్డకు, కందగడ్డకు అక్కచెల్లెలు వరుస. సీసాలో పెట్టుకునే మనీ ప్లాంటు, పెళ్లి స్టేజీల మీద కనిపించే ఆంతూరియం కూడా ఆ ఇంటివే. మనం పువ్వు అనుకునే గరాటు నిజానికి రంగు మారిన ఒక ఆకు. దాని నడుమ నిలబడ్డ కాడ మీద సన్నగా అతుక్కొని ఉన్నవే అసలు పూలు.

దీని పుట్టిల్లు ఆఫ్రికా ఖండంలో దక్షిణ భాగం. అక్కడ వాగుల పక్కన, తేమ నేలల్లో పెరుగుతది. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీన్ని కాలా అనే పేరు కింద రాసిండు. 1826లో జాంటెడెస్కియా అని వేరే పేరు పెట్టిండ్రు గానీ జనం నోట్ల పాత పేరే నిలిచింది. మన దేశంలో నీలగిరి, కొడైకెనాల్ లాంటి చల్లటి కొండల మీద తెల్ల రకం నీటి ఒర్రెల పక్కన దానంతట అదే పెరుగుతున్నది.

ఇందులో రెండు తెగలున్నయి. తెల్ల పూల తెగకు ఎప్పుడూ తడి కావాలె, చల్లగా ఉంటే ఏడాదంతా పచ్చగా ఉంటది. రంగుల పూల తెగ గడ్డ నుంచి లేస్తది, కొన్ని నెలలు పెరిగి, పూసి, ఆకు రాల్చి మళ్లీ గడ్డలో నిద్రపోతది. మచ్చల ఆకులు ఈ రెండో తెగలో ఎక్కువ. అందులో ఒక రకం పేరు ఆల్బోమాక్యులాటా. అంటే లాటిన్ భాషలో తెల్ల మచ్చలది అనే అర్థం. పువ్వు లేని రోజుల్లో కూడా ఆకే అందం కాబట్టి మన ఆడోళ్ల కండ్లు దాని మీద పడ్డయి.

మన పండుగలే దీని క్యాలెండర్

ఈ మొక్కకు బాగా ఇష్టమైన వేడి 18 నుంచి 25 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతది. సాగర్ ఎడమ కాల్వ పక్కనే ఉన్నం కదా, నీళ్లకు కొదువ లేదు కదా అని కొందరు అడిగిండ్రు. 1967లో కాల్వలకు నీళ్లు వదిలినంక మన నేలకు వరి వచ్చింది, నిజమే. కానీ కాల్వ నీళ్లు ఎండను చల్లార్చలేవు. వేడిలో ఎక్కువ నీళ్లు పోస్తే ఈ గడ్డ ఇంకా తొందరగా కుళ్లుతది. దీనికి మన దగ్గర ఉన్న కొరత నీళ్లది కాదు, చల్లదనానిది.

అందుకే దీన్ని చలికాలం మొక్కగా చూడాలె. సద్దుల బతుకమ్మను సాగనంపి, దసరా అయిపోయినంక గడ్డ నాటాలె. దీపావళి ప్రాంతంలో మొలక కనిపిస్తది. నాటిన 60 నుంచి 90 రోజులకు, అంటే సంక్రాంతికి అటూ ఇటూగా పువ్వు వస్తది. శివరాత్రి దాటి ఎండ ముదిరితే ఆకు పసుపు పడుతది. ఉగాది నాటికి గడ్డ నిద్రకు పోతది. ఆకు ఎండిందని మొక్క చచ్చిపోయిందనుకొని కుండీ గుమ్మరించొద్దు.

నాటే తీరు

గడ్డ కొనేటప్పుడు వేలితో ఒత్తి చూడండి. గట్టిగా ఉండాలె, మెత్తబడ్డ చోటు, బూజు ఉండొద్దు. 8 నుంచి 10 అంగుళాల మట్టి కుండీ సరిపోతది, అడుగున రంధ్రం తప్పనిసరి. 2 పాళ్లు ఎర్రమట్టి, 1 పాలు ఇసుక, 1 పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలె. పశువులు లేనోళ్లు వర్మీ కంపోస్టు వెయ్యొచ్చు. నల్లరేగడి ఒక్కటే నింపొద్దు, అది నీళ్లను పట్టి ఉంచుతది. పచ్చి పేడ వద్దు. యూరియా అసలే వద్దు, ఆకు బలుస్తది గానీ పువ్వు రాదు, కుళ్లు కూడా పెరుగుతది.

గడ్డ మీద ఒక వైపు ఉబ్బిన కండ్లు ఉంటయి. ఆ వైపు పైకి పెట్టి, మీద 2 అంగుళాల మట్టి కప్పాలె. ఒకసారి నీళ్లు పోసి, మొలక వచ్చేదాకా మట్టి కొంచెం తేమగా ఉంటే చాలు. మొలక వచ్చినంక వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోయాలె. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలె. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనియ్యొద్దు. పొద్దటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే తూర్పు వాకిలి గానీ జామచెట్టు నీడ గానీ మంచిది.

ఆకు ఉన్నట్టుండి పసుపు పడి, కాడ మొదట్లో మెత్తబడి ఒరిగిపోయి, దుర్వాసన వస్తే అది కుళ్లు తెగులు. బ్యాక్టీరియాతో వస్తది. దానికి పని చేసే మందు లేదు. ఆ గడ్డను, మట్టిని పెంటకుప్పలో వెయ్యకుండా దూరంగా పాతిపెట్టాలె. కుండీని, కత్తిని సబ్బుతో కడిగి ఎండలో పెట్టాలె.

మచ్చ వేరు, తెగులు వేరు

ఇది చామ పండించే అక్కలు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట. చామకు వచ్చే మొజాయిక్ అనే వైరస్ తెగులు కాలా లిల్లీకి కూడా వస్తది. ఒకే ఇంటి మొక్కలు కదా, జబ్బు కూడా పంచుకుంటయి. పేనుబంక ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలినప్పుడు అది అంటుకుంటది. తెగులున్న గడ్డతో కూడా వస్తది.

మరి పుట్టుకతో వచ్చిన మచ్చను, తెగులును ఎట్ల గుర్తుపట్టాలె? పుట్టుమచ్చ అంచు స్పష్టంగా ఉంటది. ప్రతి ఆకు మీద ఒకే తీరుగా చుక్కలు కనిపిస్తయి, ఆకు నున్నగా సాగి ఉంటది. తెగులైతే ఈనెల వెంబడి ఈక లెక్క పాలిపోయిన చారలు వస్తయి, ఆకు ముడుచుకుంటది, కొత్త ఆకులు వంకరగా, చిన్నగా వస్తయి. అట్లాంటి మొక్కను పీకి పాతెయ్యండి, దాని గడ్డను ఎవరికీ ఇవ్వొద్దు. కాలా లిల్లీ కుండీని చామ మడికి దూరంగా పెట్టండి. పేనుబంక కనబడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు కింది వైపు కూడా తడిసేటట్టు కొట్టండి. ముద్దుకు తెచ్చిన మొక్క కూరగడ్డను చెడగొట్టొద్దు.

పిల్లలు, మేకలు జాగ్రత్త

చామగడ్డ కోస్తే చేతులు ఎందుకు దురద పెడతయి? అందులో కంటికి కనిపించని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటయి. అందుకే మనం చేతులకు నూనె రాసుకుంటం, చింతపండు వేసి బాగా ఉడికిస్తం. కాలా లిల్లీలో ఆకు, కాడ, పువ్వు, గడ్డ అన్నింటిలో అవే సూదులున్నయి. అయితే ఇది ఉడికించినా తినే గడ్డ కాదు. ఈ తేడాను ఇంట్లో అందరికీ చెప్పండి.

పాకే పిల్లలు, మేకపిల్లలు, లేగదూడలు, కుక్కలు అందుకోని ఎత్తులో కుండీ పెట్టండి. పిల్లలు నమిలితే నోరు మండుతది, నాలుక, పెదాలు వాస్తయి. నోట్లో ఉన్నది తీసేసి, నీళ్లతో పుక్కిలించి, చల్లటి నీళ్లు గానీ పాలు గానీ కొంచెం తాగించండి. వాంతి చేయించొద్దు. వాపు పెరిగినా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. మొక్కను ముట్టినంక కండ్లు నలుపుకోవద్దు, చేతులు కడుక్కోవాలె.

ఎండాకాలం నిద్ర, వానకాలం తోడు

ఆకులు పూర్తిగా ఎండినంక నీళ్లు ఆపెయ్యాలె. గడ్డను తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టాలె. పొడి ఇసుకలో గానీ వరి ఊకలో గానీ పెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో దాచాలె. కూరగాయల బుట్టలో, అల్లం, చామగడ్డల పక్కన ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. చూడటానికి చిన్న చామగడ్డ లెక్కనే ఉంటది. మీరు ఇంట్లో లేనప్పుడు కోడలో, బిడ్డో కూరలో వేసే ప్రమాదమున్నది. డబ్బా మీద "పూల గడ్డ, తినొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి. చదువురాని పెద్దోళ్లున్న ఇంట్లో నోటితో కూడా చెప్పండి.

అప్పుడు కుండీ ఖాళీగా ఉంటది కదా అంటే, దానికీ ఉపాయమున్నది. కలాడియం అనే మొక్క ఇదే కుటుంబానిది. ఎరుపు, తెలుపు, గులాబి మచ్చల ఆకులు. దానికి వేడి, గాలిలో తేమ, నీడ ఇష్టం. మృగశిర కార్తెలో నాటితే వానకాలమంతా ఆకులు నిండుగా ఉంటయి, చలి మొదలైనంక అది నిద్రపోతది. అదే మూలలో వానకాలం కలాడియం, చలికాలం కాలా లిల్లీ పెట్టుకోవచ్చు. కలాడియం కూడా తినకూడనిదే, అవే జాగ్రత్తలు దానికీ వర్తిస్తయి.

అప్పు సంగతి

ఇప్పుడు రెండో ప్రశ్న. సూక్ష్మ రుణ ప్రణాళికలో ఏ పని రాసినా మనం మూడు ముచ్చట్లు అడుగుతం. ఎవరు కొంటరు? సరుకు చెడకుండా అక్కడిదాకా ఎట్ల పోతది? పంట పోతే కిస్తీ ఏడికెల్లి కడతవు? కాలా లిల్లీకి ఈ మూడింటిలో ఒక్కదానికి కూడా మన దగ్గర సరైన జవాబు లేదు.

ఈ పువ్వును పట్నాల్లో బొకేలు కట్టేటోళ్లు కాడల లెక్కన కొంటరు. చల్లటి కొండల మీద పండించేటోళ్లతో, ఖర్చు పెట్టి చల్లబరిచే పాలీహౌసులతో మనం పోటీ పడలేం. హాలియా అంగట్లో పువ్వు మూర లెక్కన, కిలో లెక్కన పోతది. కాలా లిల్లీ దండకు రాదు, బతుకమ్మకు రాదు. పైగా ఒక్క కుండీలో గడ్డ కుళ్లితే బాధ మాత్రమే. అప్పు పెట్టి వంద కుండీలు పెట్టినంక కుళ్లు తగిలితే అది కిస్తీ మీద పడుతది, కిస్తీ ఆగితే సంఘం మొత్తం మీద పడుతది.

పూల మీదనే సంపాదించాలనుకునే చెల్లెళ్లకు మన నేలకు అలవాటైనవి ఉన్నయి. బతుకమ్మకు, దీపావళికి బంతి ఉన్నది. చలికాలానికి చామంతి ఉన్నది. దండల లిల్లీ అయితే ఒకసారి గడ్డ నాటితే 2, 3 ఏళ్లు పూస్తది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన ప్రజ్వల్, శృంగార్ రకాలు అందులో పేరున్నవి. ఊర్ల అంగడి ఉన్నది, హైదరాబాదులో గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు ఉన్నది. వీటికి కూడా ధర పడిపోయే రోజులుంటయి. కానీ కొనేటోడు ఎవరో మనకు తెలుసు. అప్పు అడగాలంటే వీటికి అడగండి, లెక్క వేసుకొని అడగండి.

మరి కాలా లిల్లీ ఎందుకు? మనం పెట్టే ప్రతి రూపాయికి ఇంట్లో లెక్క అడుగుతరు, సంఘంలో లెక్క అడుగుతరు. అది మంచిదే, ఆ లెక్కల మీదనే ఈ సమాఖ్య నిలబడ్డది. అయినా ఆడమనిషికి తన చేతి ఖర్చుతో, తన ఇష్టానికి కొనుక్కున్న ఒక కుండీ ఉండొచ్చు. అది ఆదాయం తేవాల్సిన పని లేదు. తెల్లారి వాకిలి ఊడ్చేటప్పుడు ఆ మచ్చల ఆకు చూసి మనసు తేలికైతే అదే దాని ఫలం.

గడ్డలు బాగా ఊరితే పక్కన పిల్ల గడ్డలు వస్తయి. వచ్చే దసరా తర్వాత జరిగే సంఘం మీటింగుకు, తెగులు లేని మొక్కల పిల్ల గడ్డలు ఉన్నోళ్లు తీసుకొచ్చి లేనోళ్లకు ఇవ్వాలని మా ఉపసంఘం కోరుతున్నది. కాగితంలో చుట్టి, పైన పేరు రాసి, తినొద్దని రాసి తేవాలె. ఒకరు కొంటే పదిమంది ఇండ్లకు చేరుతది, ఎవరి పాసుబుక్కులోనూ అప్పు కనిపించదు.