టికాయత్ ఇంటి వాకిలి
(మే 15న మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2011లో ఇదే రోజున చౌదరి మహేంద్ర సింగ్ టికాయత్ కన్నుమూశారు. ఘాజీపూర్ సరిహద్దులో మాట్లాడిన రాకేష్ టికాయత్‌ని మీరంతా టీవీలో చూశారు. ఆయన తండ్రే ఈయన.

ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లా సిసౌలీ ఆయన ఊరు. 1935లో పుట్టారు. ఎనిమిదేళ్ళకే తండ్రి పోతే బాలియాన్ ఖాప్ పెద్దరికం తలపాగా ఆ పసివాడి నెత్తిన పెట్టారు. పేరు దేశమంతా తెలిశాక కూడా ఊరు వదల్లేదు, చెరకు పొలం వదల్లేదు. వాకిట్లో నులకమంచం, పక్కన హుక్కా. ఎవరొచ్చినా అక్కడే కూర్చోవాలి. పంచాయితీలన్నీ అక్కడే తెగేవి.

సాహసం సంగతి చెప్పుకుందాం. 1987లో కరెంటు ఛార్జీలు పెంచితే షామ్లీ దగ్గర కర్ముఖేడా పవర్‌హౌస్‌ని రైతులు ముట్టడించారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు రైతులు చనిపోయారు. ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. ఆ ఏడాదే ముఖ్యమంత్రి వీర్ బహదూర్ సింగ్ సిసౌలీకి వచ్చారు. మంచినీళ్ళడిగితే గ్లాసు ఇవ్వలేదు, దోసిట్లో పోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది అక్టోబరు 25న లక్షలాది రైతులు ట్రాక్టర్లతో, పశువులతో ఢిల్లీ బోట్ క్లబ్‌లో దిగారు. అక్కడే వండుకున్నారు, అక్కడే పడుకున్నారు. డిమాండ్లు 35. చెరకు ధర పెంచాలి, కరెంటు, నీటి ఛార్జీలు తగ్గించాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. వారం రోజులు కదల్లేదు. ఇందిరా గాంధీ వర్ధంతి సభని కాంగ్రెస్ పార్టీ ఎర్రకోట దగ్గరికి మార్చుకోవాల్సి వచ్చింది.

అయితే నాకు వీటన్నిటికన్నా పెద్దదనిపించేది 1989 నాటి సంగతి. భోపా దగ్గర ఒక ముస్లిం యువతిని ఎత్తుకుపోయారు. ఆ పిల్లకి న్యాయం కావాలని టికాయత్ గంగ కాలువ గట్టున వారాల తరబడి ధర్నాకి కూర్చున్నారు. ఇది గిట్టుబాటు ధర సమస్య కాదు, కరెంటు సమస్యా కాదు. మన రైతు ఇంటి ఆడపిల్ల, కాబట్టి మన ఇంటి పిల్లే అన్నది ఆయన లెక్క. ఆయన సభల్లో హరహర మహాదేవ్, అల్లాహు అక్బర్ రెండూ ఒకే వేదిక మీద వినిపించేవి.

ఆయన పోయిన రెండేళ్ళకే, 2013లో, అదే ముజఫర్‌నగర్‌లో మతఘర్షణలు జరిగాయి. అరవై మందికి పైగా చనిపోయారు. వేలాది కుటుంబాలు ఊళ్ళు విడిచాయి. టికాయత్ పాత సహచరుడు గులాం మహమ్మద్ జౌలా సంఘం విడిచి వెళ్ళిపోయారు. అంత పెద్ద సంఘం ముక్కలైంది. 2021 జనవరిలో ఆ జౌలా తిరిగి టికాయత్ కొడుకుల పక్కన మహాపంచాయత్ వేదికెక్కారు. అప్పుడే ఉద్యమానికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. పెళ్ళిళ్ళ విషయంలో ఖాప్ కట్టుబాట్లను వెనకేసుకొచ్చారు. 2008లో మాయావతి గారి మీద కులం పేరుతో మాట తూలి అరెస్టయ్యారు. అది తప్పు. అంత పెద్ద వాకిట్లోనూ దళితులకి, ఆడవాళ్ళకి సరిసమానంగా మంచం వెయ్యలేదు. మనం నేర్చుకోవాల్సింది ఆ తప్పు నుంచి కూడా.

ఇక మన సంఘం వైపు చూడండి. ఈ హాల్లో పట్టాదారులు ఎందరు, కౌలుదారులు ఎందరు? నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్ళలో సభ్యత్వ రసీదు ఉన్నవాళ్ళు ఎందరు? ఎరువు కొరత వచ్చినప్పుడు అందర్నీ పిలుస్తాం. కమిటీ వేసేటప్పుడు మాత్రం మనవాళ్ళెవరని చూసుకుంటాం. రేపు ఎవరో వచ్చి కులం పేరుతోనో, మతం పేరుతోనో ఒక్క మాట అంటే చాలు, మనమూ చీలిపోతాం.

వచ్చే నెల సభ్యత్వం మొదలవుతుంది. రసీదు పుస్తకం పట్టుకుని ముందు మన ఇళ్ళకి కాదు, ఇంతవరకు మనం గడప తొక్కని ఇళ్ళకి వెళ్దాం. అక్కడ మంచం వేస్తే కూర్చుందాం, నీళ్ళిస్తే తాగుదాం. టికాయత్‌కి మనమిచ్చే నివాళి అదే.