పెట్టించుకునే ముందే తీయించుకునే సంగతి అడుగుదాం
(సమాఖ్య మహాజన సభలో వేదాద్రి సంఘం లీడరు ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అన్నది ముందు మాట్లాడిన అక్కలు చెప్పారు. మమ్మల్ని ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. బీపీ, షుగరు, రక్తహీనత గురించి ప్రతి ఏడాదీ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి నలుగురిలో మాట్లాడుకోని సంగతి ఒకటి చెబుతాం. పిల్లలు వద్దనుకున్నప్పుడు, కొన్నాళ్ళు ఆగాలనుకున్నప్పుడు మన ఒంటికి మనం ఏం చేయించుకుంటున్నాం, ఆ తర్వాత ఏమవుతోంది అన్న సంగతి. మగవాళ్ళు ఎవరైనా ఉంటే కూర్చోండి, లేచి వెళ్ళక్కర్లేదు. మీకూ పనికొచ్చేదే.

ఈ మాట మా సంఘంలో ఎలా మొదలైందంటే, మా సభ్యురాలి కూతురు ఇంగ్లాండు నుంచి సెలవులకి వచ్చింది. భర్త అక్కడ చదువుకుంటున్నాడు, ఈ అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. మీటింగు రోజు వాళ్ళమ్మతో పాటు వచ్చి కూర్చుంది. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇంకా విశేషం లేదేమిటే అని ఒక పెద్దమ్మ అడిగింది. ఆ పిల్ల నవ్వి, ఎడం చెయ్యి పైకెత్తి, జబ్బ లోపలి వైపు పట్టి చూడమంది. చర్మం కింద అగ్గిపుల్లంత మెత్తటి పుల్ల వేలికి తగిలింది. అందరం ఒకరి తర్వాత ఒకరం పట్టి చూశాం.

దాన్ని ఇంప్లాంట్ అంటారు. పొడవు నాలుగు సెంటీమీటర్లు. అందులో ఉన్న హార్మోను మందు రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లోకి వస్తుంది. అండం విడుదల కాకుండా ఆపుతుంది, గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడేట్టు చేస్తుంది. ఒకసారి పెడితే మూడేళ్ళు పనిచేస్తుంది. ఏడాదిలో వెయ్యిమంది వాడితే ఒకరికి గర్భం రావడం కూడా అరుదు. తీసేశాక కొన్ని వారాల్లోనే మళ్ళీ గర్భం వచ్చే వీలుంటుంది. అంతవరకు విని మాలో చిన్నవాళ్ళు, ఇదేదో మా కాలానికి రాలేదే అన్నారు.

అప్పుడు మేము లెక్క వేసుకున్నాం. మా సంఘంలో పది మందిమి. ఏడుగురికి ఆపరేషన్ అయింది. అందులో ఐదుగురికి పాతికేళ్ళు నిండకముందే అయింది. రెండో కాన్పు కాగానే అదే మంచం మీద చేసేశారు. ఇంకేమైనా దారి ఉందా అని మేము అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మా ఒక్క సంఘమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ళ ఆపరేషన్ లెక్క నూటికి ఒక్కటి కూడా లేదు. కోత లేకుండా, కొద్ది నిమిషాల్లో అయిపోయేది వాళ్ళదే అయినా సరే.

ఆపరేషన్ మంచిది కాదని మేము అనడం లేదు. పిల్లలు చాలు అని మనసులో గట్టిగా అనుకున్నవాళ్ళకి అది మంచిదే. మా బాధ వేరే ఉంది. మాలో ఒక చెల్లికి ఇరవై రెండేళ్ళకే ఆపరేషన్ అయింది. నాలుగేళ్ళ తర్వాత కొడుకు జ్వరంతో పోయాడు. గొట్టాలు మళ్ళీ కలిపించుకుంటానని సంఘంలో అప్పు అడిగింది. ఇచ్చాం. పట్నంలో పెద్దాసుపత్రిలో చేయించుకుంది. నిలవలేదు. ఆ అప్పు కంతులు కట్టడానికి ప్రతి నెలా వచ్చి, పుస్తకంలో సంతకం పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఆ రోజు మీటింగులో మొదటిసారి నోరు తెరిచింది. "ఆ రోజున ఇట్లాంటిది ఒకటి ఉందని నాకెవరైనా చెప్పి ఉంటే కొన్నాళ్ళు ఆగేదాన్ని కదా అక్కా" అంది. మాకెవరికీ జవాబు రాలేదు.

ఇంకొక సభ్యురాలు అంతర ఇంజెక్షన్ సంగతి చెప్పింది. 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న హార్మోను ఇంజెక్షన్ అది, మూడు నెలలకోసారి వేస్తారు. వేయించుకున్న తర్వాతి నెలలోనే ఇరవై రోజులు బ్లీడింగు కనపడింది. సరిగ్గా మిరపకాయ కోతల రోజులు. చేలో మార్చుకోవడానికి చాటు లేదు, నీళ్ళు లేవు. ఇంట్లో ఏమో మైల అని వంటగదిలోకి రానివ్వలేదు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి ఇంటిల్లిపాదీ వెళితే తను ఒక్కతే గడప దగ్గర కూర్చుంది. ఏదో పెద్ద జబ్బు వచ్చిందని భయపడి ఎవరికీ చెప్పకుండా మానేసింది. హార్మోను ఇంజెక్షన్‌తో మొదట్లో నెలసరి గాడి తప్పడం మామూలేనని, అది ప్రమాదం కాదని వేసేముందు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ భయం ఉండేది కాదు. కోతలు అయ్యాక వేయించుకుందును అంది.

ఇంప్లాంట్‌తోనూ ఇదే జరుగుతుంది. కొందరికి చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, కొందరికి ఎక్కువ రోజులు ఉంటుంది, ఐదుగురిలో ఒకరికి నెలసరి రాకుండానే పోతుంది. తలనొప్పి, మొటిమలు, రొమ్ముల నొప్పి, బరువు పెరగడం కొందరిలో ఉంటాయి. మన ఇంగ్లాండు పిల్లకి నాలుగు నెలలు చుక్కలు కనపడి తర్వాత ఆగిపోయాయి. కానీ పెట్టేముందే అక్కడి నర్సు ఇదంతా చెప్పింది. వద్దనుకుంటే ఎప్పుడైనా రా, తీసేస్తాం అంది. అందుకే ఆ పిల్ల భయపడలేదు.

అక్కల్లారా, ఇంజెక్షన్‌కీ పుల్లకీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. ఇంజెక్షన్ ఒకసారి ఒంట్లోకి పోతే వెనక్కి తీయలేం, దాని గడువు అయ్యేదాకా ఓర్చుకోవాలి. ఆపేశాక కూడా గర్భం రావడానికి చాలా నెలలు పట్టొచ్చు. పుల్లని తీయొచ్చు. కానీ మనకి మనం తీసుకోలేం. నేర్చుకున్న డాక్టరో నర్సో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న గాటు పెట్టి తీయాలి. ఆ తీసే మనిషి లేకపోతే, ఉన్నా తీయనంటే, మన చెయ్యి మన చేతిలో లేనట్టే.

ఇది ఊరికే అనే మాట కాదు. ఇంప్లాంట్లలో మొదటిది నార్‌ప్లాంట్. అందులో ఆరు పుల్లలు ఉండేవి. బంగ్లాదేశ్‌లో పెట్టించుకున్న పేద ఆడవాళ్ళు ఒంట్లో బాగోలేదు, తీయండి అని అడిగితే గడువు కాలేదని తిప్పి పంపిన సంగతులు బయటికొచ్చాయి. మన దగ్గరా ఒక సంగతి జరిగింది. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోను ఇంజెక్షన్‌ని ఆడవాళ్ళకి వేసి పరీక్షించబోయారు. అది పరీక్ష అని వాళ్ళకి తెలియదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి దాని మంచీ చెడూ చెప్పేసరికి చాలామంది లేచి వెళ్ళిపోయారు. 1986లో ఆ సంఘటన, డాక్టర్ వీణా శత్రుఘ్న, ఇతర మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఈ రోజు సంతకం పెట్టేముందు మనకి వివరం చెప్పాలని అడగగలుగుతున్నామంటే ఇలాంటివాళ్ళు పోట్లాడబట్టే.

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం ఎంపిక చేసిన కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని జిల్లాల్లో ఇంప్లాంట్‌ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి తెచ్చింది. రేపు మన దగ్గరికీ వస్తుంది. వచ్చినప్పుడు భయపడి పారిపోవద్దు, తలూపి చెయ్యి చాపనూ వద్దు. ఈ మాటలు అడుగుదాం.

ఒకటి, తీయడం నేర్చుకున్నవాళ్ళు ఇక్కడే ఉన్నారా? మేము ఎప్పుడు వద్దంటే అప్పుడు తీస్తారా? దానికి డబ్బు అడుగుతారా?

రెండు, నెలసరి ఎలా మారుతుంది? ఎన్నాళ్ళు చూసి మళ్ళీ రావాలి?

మూడు, నాకు ఇది పడుతుందా? రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, కాలేయం బాగా చెడినవాళ్ళకి, కారణం తెలియని బ్లీడింగు ఉన్నవాళ్ళకి ఇది పెట్టకూడదు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే కొన్ని మాత్రలు దీని పనితనాన్ని తగ్గిస్తాయి. వాడుతుంటే దాచకుండా చెప్పాలి.

నాలుగు, పెట్టిన తేదీ, తీయాల్సిన తేదీ రాసిన కార్డు ఇవ్వండి. పెట్టగానే వేలితో తడిమి చూసుకోవాలి. పుల్ల తగలకపోతే అక్కడే చెప్పాలి.

ఐదు, ఇది కాక ఇంకేమున్నాయి? ఇవాళ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా లూపు ఉంది, అంతర ఉంది, మాలా-ఎన్ ఉంది, హార్మోను లేని ఛాయా మాత్రలు ఉన్నాయి, నిరోధ్ ఉంది. సుఖవ్యాధులు, హెచ్ఐవీ రాకుండా కాపాడేది వీటిలో నిరోధ్ ఒక్కటే.

మా సంఘం మూడు తీర్మానాలు రాసుకుంది. మూడు నెలలకోసారి మీటింగులో నర్సమ్మని, ఆశా చెల్లిని పిలిచి ఈ విషయం మాట్లాడించడం. ఆసుపత్రికి వెళ్ళే సభ్యురాలితో ఇంకొక సభ్యురాలు తోడు వెళ్ళడం. పెట్టించుకోవడానికి తోడు వెళ్ళినట్టే తీయించుకోవడానికీ వెళ్ళడం. కోడలికి బ్లీడింగు ఎక్కువైతే మైల లెక్క పెట్టకుండా ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టడం. ఈ మూడోది అత్తలే లేచి రాయించారు.

సమాఖ్య కూడా వీటిని తీర్మానం పుస్తకంలో ఎక్కించాలని కోరుతున్నాం. మేము ఇక్కడ చెబుతామని ముందే ఆ చెల్లిని అడిగాం. పేరు చెప్పకుండా చెప్పమంది. "నా తర్వాత వచ్చే పిల్లలకి తెలియాలి" అంది. అందుకే చెప్పాం.