సముద్రం దాటిన రైతుబిడ్డ

ఎండకాలంలో వెన్నను నిలువ చేయడం ఎట్లా? ఈ ప్రశ్న మన ఇండ్లలో స్త్రీలకు కొత్తది కాదు. కాని చలిదేశమైన నార్వే కొండలలో పుట్టి పెరిగిన ఒక రైతుబిడ్డకు ఇది ఇరువదియొకటవ ఏట, సముద్రానికి ఆవలి ఒడ్డున, మొట్టమొదటిసారిగా ఎదురైనది. ఆమె పేరు గ్రో స్వెన్‌సెన్. అమెరికా నుండి తల్లిదండ్రులకు వ్రాసిన తొలినాటి లేఖలలో ఆమె ఈ సంగతినే ముచ్చటించినది. ఇక్కడ వేసవిలో పాలు నిలువవని విని ఇంటివద్ద ఆశ్చర్యపడినానని, ఇప్పుడు కన్నులారా చూస్తున్నానని వ్రాసినది. వెన్నకు ఉప్పు పట్టించాలి, లేదా ఉప్పునీరు పోసి ఉంచాలి. లేకున్న పురుగు పడుతుంది. ఈగలు, పురుగుల బాధవల్ల వేసవిలో జున్ను చేయడమే కష్టం.

నేయి కాచుకొనడం తెలిసిన మనకు ఇదేమంత సమస్య అనిపించవచ్చును. ఆమె పుట్టిన సీమ ఎటువంటిదో తెలిస్తే గాని ఆ నాలుగు వాక్యాల వెనుక ఉన్న దిగులు మనకు అందదు.

గ్రో 1841లో హాలింగ్‌డాల్ అనే లోయలో జన్మించినది. నార్వే దేశంలో సాగుకు పనికివచ్చే నేల బహు స్వల్పం. నూటికి మూడు నాలుగు వంతులకు మించదు. తక్కినదంతా కొండ, అడవి, నీరు. అటువంటిచోట రైతు బ్రతుకు పైరుమీద కంటె పాడిమీదనే ఎక్కువగా ఆధారపడి ఉండేది. వేసవి రాగానే పశువులను కొండలపై నున్న పచ్చికబయళ్ళకు తోలుకొనిపోయేవారు. అక్కడి చిన్న గుడిసెలలో స్త్రీలు, ఆడపిల్లలు నెలల తరబడి ఉండి, పాలు పితికి, మీగడ తీసి, వెన్న చిలికి, జున్ను కట్టేవారు. దీర్ఘమైన శీతకాలంలో ఇంటిల్లిపాదికీ అది ఆధారం. రైతు ఇంటి ఆడపిల్లకు తల్లి నేర్పే విద్యలలో ముఖ్యమైనది అదే. అమెరికాలో అడుగుపెట్టిన మొదటి వేసవిలోనే ఆ విద్య కాస్తా అక్కరకు రాకుండా పోయినది. ఉత్తరంలో ఆమె వెన్నను గురించి వ్రాస్తున్నదే గాని, నిజానికి తన చేతులకు తెలిసిన పని తనకు కాకుండా పోయిందని చెప్పుకొంటున్నది.

ఆమె నేర్చిన రెండవ విద్య చదువు. ఒక పల్లెటూరి రైతుబిడ్డ, పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో, ఇన్ని లేఖలు వ్రాయగలగడం ఎట్లా సంభవించిందని మనకు తోచవచ్చును. దానికి కారణం ఆమె మతమే. నార్వే ప్రజలు లూథరు మతశాఖకు చెందినవారు. 1736లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసి, యువతీయువకులందరూ కన్‌ఫర్మేషన్ అనే సంస్కారం పొంది తీరవలెనని నిర్ణయించినది. దానికి లూథరు రచించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథం చదివి అప్పగించాలి. కన్‌ఫర్మేషన్ కానిదే వివాహం లేదు. కాబట్టి పేద రైతు కూడ పిల్లలకు చదువు చెప్పించక తప్పలేదు. అయితే చదవడం వేరు, వ్రాయడం వేరు. చదవనేర్చిన స్త్రీలు అనేకులు. కలం పట్టి మనసులోని మాట నిండుగా పెట్టగలవారు కొద్దిమంది. గ్రో ఆ కొద్దిమందిలో చేరినది.

1862లో ఓలే అనే యువకుని వివాహమాడి, ఆ యేడే అతనితో దేశం విడిచినది. ఆ రోజులలో నార్వే వలసదారులలో పెక్కుమంది తెరచాప ఓడలలో వారాల తరబడి ప్రయాణించి, క్యుబెక్ రేవులో దిగి, అక్కడినుండి పడమటి సీమలకు పోయేవారు. 1862లోనే అమెరికాలో ఒక చట్టం వచ్చినది. ఐదేండ్లు నివసించి సాగు చేసినవారికి 160 ఎకరాల భూమి దక్కుతుంది. గజం నేలకోసం కొండలతో పోరాడిన వారికి ఇది కలలో మాటవలె వినిపించి ఉంటుంది. ఒక్కమాట మాత్రం ఇక్కడ చెప్పక తప్పదు. అది ఎవరికీ చెందని నేల కాదు. 1851 నాటి ఒడంబడికలతో డకోటా జాతివారి నుండి తీసుకొన్న నేల. గ్రో అమెరికా చేరిన 1862లోనే, పొరుగున ఉన్న మిన్నెసోటాలో డకోటాలకు, తెల్లవారికి భయంకరమైన పోరు జరిగినది. ఒకరికి లభించిన పొలం మరొకరు పోగొట్టుకొన్న ఊరు.

ఆ దంపతులు అయోవా రాష్ట్రపు ఉత్తరపు అంచున, ఎమెట్ కౌంటీలోని ఎస్థర్‌విల్ సమీపంలో స్థిరపడినారు. చెట్టుచేమలు బహు తక్కువైన గడ్డిమైదానం. కొండలు చుట్టుముట్టిన లోయలో పెరిగిన ఆమెకు ఆ ఆకాశమే భయం గొలిపినది. ఉరుము, మెరుపుతో వచ్చే గాలివానలను చూచి ప్రళయం వచ్చిందేమో అనిపించిందని వ్రాసినది. ఎండు గడ్డి అంటుకొని మంటలు మైదానమంతా సముద్రంవలె పరచుకొని వచ్చే దృశ్యాన్ని కూడ వర్ణించినది. పాములను గూర్చి సరేసరి. ఆమె లేఖలలో నాకు మిక్కిలి నచ్చిన గుణం ఇదే: బడాయి లేదు, బావురుమనడమూ లేదు. చూచినది చూచినట్లు, తన ఊరివారు ఏది అడుగుతారో ఊహించుకొని, దానికి జవాబు చెప్పినట్లు వ్రాస్తుంది.

ఇక దేవాలయం మాట. కొత్తగా వెలసిన ఆ ఊళ్ళకు బోధకుడు రావడమే అరుదు. ఆయన వచ్చినప్పుడే బాప్తిస్మాలు, ఆయన వచ్చినప్పుడే ప్రభురాత్రి భోజనం. మరి తక్కిన దినాలలో? 1529లో లూథరు ఆ చిన్న గ్రంథాన్ని వెలువరించినపుడు, ప్రతి భాగానికీ తలపైన, ఇంటి యజమాని తన కుటుంబానికి దీనిని సులభంగా నేర్పవలసిన విధం ఇది అని సూచించినాడు. అంటే ఆ పుస్తకం గుడికంటె ముందు ఇంటికోసం వ్రాసినది. యజమాని అనే ఆ పురుష శబ్దం గడ్డిమైదానంలో ఎంతవరకు నిలిచిందో చెప్పనక్కరలేదు. పొద్దు పొడిచింది మొదలు పొలంలో ఉండే భర్త కాదు, పొయ్యివద్ద పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొన్న తల్లే అక్కడ బోధకురాలు. దేవుని ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, మాతృభాష, అక్షరాలు, అన్నీ ఒక్క చోటనే, ఒక్కరి నోటనే పిల్లలకు అందేవి.

ఈ సందర్భంలో మన తెలుగుదేశానికి సంబంధించిన ఒక సంగతి జ్ఞప్తికి వస్తున్నది. 1842లో గుంటూరుకు వచ్చి లూథరను మిషను నెలకొల్పిన హయ్యరు దొరగారు, 1857లో అమెరికాకు మరలిపోయి, మిన్నెసోటాలోనే జర్మను వలసదారుల నడుమ పనిచేసినారు. 1860లో అక్కడ సంఘాలను కూడగట్టినారు. ఎస్థర్‌విల్‌కు మిన్నెసోటా సరిహద్దు కొద్ది మైళ్ళ దూరం. భాషలు వేరు, సంఘాలు వేరు. వారు ఎన్నడూ కలిసినట్లు ఊహించనక్కరలేదు. కాని, గ్రో తన పిల్లలచేత వల్లెవేయించిన ఆ ప్రశ్నోత్తరాలనే గుంటూరు, రాజమండ్రి సీమలలోని పిల్లలు తెలుగున వల్లించినారు. డెబ్బదియారేండ్ల వయస్సులో, 1869లో, హయ్యరుగారు మళ్ళీ మన దేశానికే వచ్చి రాజమండ్రిలో పనిచేసినారు.

1864లో ఓలేను అంతర్యుద్ధంలో సైన్యానికి తీసుకొన్నారు. చంటిపిల్లలతో గ్రో ఒంటరిగా నిలిచినది. మరుసటి యేడు యుద్ధం ముగిసి, అతడు క్షేమంగా తిరిగి వచ్చినాడు. ఆ సుఖం కొన్నాళ్ళే. 1873 మొదలు నాలుగైదు ఏండ్లు ఆ ప్రాంతాలపై మిడుతల దండు విరుచుకుపడినది. చేతికి వచ్చిన పైరు ఒక్క పూటలో మాయమయ్యేది.

ఇటువంటి జీవితాన్ని చూచి మనం వెంటనే ఆదర్శ గృహిణి అని, త్యాగమూర్తి అని బిరుదులిస్తాము. నాకు ఆ మాటలు చాలవని తోస్తుంది. కుటుంబానికి అంకితమైన స్త్రీ అంటున్నామే, ఏ కుటుంబానికి? ఆమెకు రెండు కుటుంబాలుండినవి. కన్నవారు ఒక ఒడ్డున, కన్నబిడ్డలు మరొక ఒడ్డున. ఒకరిని చేరుకొన్నకొద్దీ మరొకరు దూరమవుతారు. తల్లిదండ్రులను ఆమె మళ్ళీ చూడలేదు. మనుమలను వారు చూడలేదు. పదునారేండ్లపాటు ఆమె చేసినదల్లా, పిల్లలు నిద్రించిన తరువాతనో, పని కాస్త తెరపి ఇచ్చినపుడో, కాగితం ముందు కూర్చొని, ఈ ఒడ్డువారిని ఆ ఒడ్డువారికి పరిచయం చేయడం. జవాబు రావడానికి నెలలు పట్టేది. ఈలోగా ఏ దుర్వార్త దారిలో ఉన్నదో తెలియదు. ఆమె దైవభక్తి ప్రతి పుటలోను కనిపిస్తుంది. కాని అది పరలోకంలో తిరిగి కలుసుకొంటామనే నమ్మకంగానే తరచు కనిపిస్తుంది. ఈ లోకంలో ఆ కలయిక లేదని ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

1878లో, పదవ కాన్పు సమయంలో ఆమె మరణించినది. ఓలే ఆ ఇంట నిలువలేక, పిల్లలను వెంటబెట్టుకొని డకోటా ప్రాంతానికి తరలిపోయినాడు.

ఆమె లేఖలను నార్వేలోని బంధువులు పారవేయలేదు. 1950లో నార్వీజియన్ అమెరికన్ చరిత్ర పరిషత్తు వాటిని ఆంగ్లంలోనికి అనువదింపజేసి గ్రంథంగా ప్రకటించినది. ఆ గ్రంథం చివర ఉన్న ఉత్తరం గ్రో వ్రాసినది కాదు. ఆమె ఇక లేదన్న సంగతిని, ఆమె లేని ఇంటిలో తాను ఉండలేకపోయిన సంగతిని అత్తమామలకు తెలుపుతూ ఓలే వ్రాసినది.