టీ పార్టీ వాళ్లు తీవ్రవాదులా?
(విద్యార్థి, ఉద్యోగ మిత్రుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఇవాళ మేము మాట్లాడబోయేది అమెరికా సంగతి. 2009లో అక్కడ లేచిన టీ పార్టీ ఉద్యమం తీవ్రవాద ఉద్యమమా, కాదా? ప్రభుత్వ ఖర్చు తగ్గించాలి, పన్నులు తగ్గించాలి, అప్పులు ఆపాలి. ఇవీ వాళ్ల డిమాండ్లు. సర్కారు బడి బతకాలి, సర్కారు దవాఖాన బాగుపడాలి, ఖాళీ కొలువులు నింపాలి అని కొట్లాడేవాళ్లం మేము. వాళ్ల డిమాండ్లలో మాకు నచ్చేది దాదాపు ఏమీ లేదు. కావాలనే ఈ విషయం ఎంచుకున్నాం. నచ్చిన ఉద్యమం మీద తీవ్రవాద ముద్ర వేస్తే ఎవరికైనా రోషం వస్తుంది. నచ్చని ఉద్యమం మీద అదే ముద్ర పడ్డప్పుడు మనం ఏమంటాం? అక్కడ ఉంది అసలు పరీక్ష.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మన పత్రికల తెలుగులో ఒక తమాషా ఉంది. అమెరికాలో ఇటువంటి వాళ్లను మనం 'మితవాదులు' అని రాస్తాం. కన్జర్వేటివ్ అన్నదానికి మనం కట్టిన పేరది. మరి మితవాదులు అతివాదులు ఎట్లా అయ్యారు? 1907లో సూరత్ కాంగ్రెస్‌లో మితవాదులు, అతివాదులు చీలిపోయారని బడిలో చదువుకున్నాం గదా. ఆ ఏడాదే కలకత్తాలో మాట్లాడుతూ తిలక్ చెప్పిందేమిటి? ఈ పేర్లు కాలాన్ని బట్టి మారుతాయని, ఇవాళ్టి అతివాది రేపు మితవాది అవుతాడని. ముద్ర వేసే చేయి ఎవరిదో చూడకుండా ముద్రను నమ్మకూడదు.

అమెరికాలో ఆ చేయి ఒకసారి పట్టుబడింది కూడా. 2011 మార్చి. బడ్జెట్ కోతల మీద గొడవ నడుస్తోంది. డెమోక్రటిక్ పార్టీ సెనేటర్ చక్ షూమర్ విలేకరులతో ఫోన్ సమావేశం పెట్టారు. లైను ఇంకా కలవలేదనుకుని తోటి సెనేటర్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆ కోతల్ని 'ఎక్స్‌ట్రీమ్' అనండి, టీ పార్టీ పేరు లాగండి, ఈ వారం ఆ మాటే వాడమని మనవాళ్లు చెప్పారు అని. విలేకరులు అప్పటికే లైనులో ఉన్నారు! ఇంకేముంది, మర్నాడు దేశమంతా నవ్వుకుంది.

ఈ ఉద్యమం ఎట్లా పుట్టింది? 2008 అక్టోబరులో, బుష్ హయాంలోనే, దివాలా తీస్తున్న బ్యాంకుల కోసం 70 వేల కోట్ల డాలర్ల పథకం వచ్చింది. 2009 ఫిబ్రవరిలో ఒబామా 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం మీద సంతకం చేశారు. రెండు రోజులకే, ఫిబ్రవరి 19న, సీఎన్‌బీసీ టీవీ వ్యాఖ్యాత రిక్ సాంటెల్లీ షికాగో ఎక్స్ఛేంజిలో నిలబడి, ఇంటి అప్పు కట్టలేని పొరుగువాడి భారం మేమెందుకు మోయాలని అరిచారు. షికాగోలో టీ పార్టీ పెడదామన్నారు. ఆ పేరు 1773 నాటిది. బోస్టన్ రేవులో 342 పెట్టెల తేయాకు సముద్రంలో పారేసిన పోరాటం. ఆ తేయాకు ఎవరిదనుకున్నారు? మన నెత్తిన కూర్చున్న ఈస్టిండియా కంపెనీదే.

ఒక్కటి గమనించండి. వేల కోట్లు మింగిన బ్యాంకు వాళ్ల కంటే, అప్పు కట్టలేక ఇల్లు పోగొట్టుకుంటున్న సామాన్యుడి మీదే ఆ టీవీ అరుపులో కోపం ఎక్కువ. ఉద్యమం పుట్టుకలోనే ఉన్న వంకర ఇది.

అయినా జనం కదిలారు. 2009 ఏప్రిల్ 15న, పన్ను రిటర్నుల గడువు రోజున, వందల ఊళ్లలో సభలు జరిగాయి. హార్వర్డ్‌లో పనిచేస్తున్న థీడా స్కాచ్‌పాల్, వెనెస్సా విలియమ్సన్ ఈ స్థానిక బృందాల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు విని 2012లో పుస్తకం రాశారు. అటువంటి బృందాలు సుమారు వెయ్యి. ఎక్కువ మంది నడివయసు దాటిన తెల్లవాళ్లు, చిన్న వ్యాపారులు, రిటైరైనవాళ్లు. పైన కోక్ సోదరుల డబ్బు, ఫ్రీడమ్‌వర్క్స్ వంటి సంస్థలు, ఫాక్స్ టీవీ ప్రచారం. కింద మాత్రం సొంత ఖర్చులతో మీటింగులు పెట్టుకునే మామూలు మనుషులు. పైనవాళ్లు డబ్బిచ్చారు గాబట్టి కిందివాళ్లంతా కిరాయి మనుషులనడం అన్యాయం. కిందివాళ్లు నిజాయితీపరులు గాబట్టి పైవాళ్ల డబ్బు లెక్కలోకి రాదనడం అమాయకత్వం.

వాళ్లు పట్టిన ఆయుధం ఏమిటి? ఓటు. 2010 జనవరిలో మసాచుసెట్స్‌లో, ఎడ్వర్డ్ కెనెడీ దశాబ్దాల పాటు గెలిచిన సెనేట్ సీటు లాక్కున్నారు. ఆ నవంబరులో రిపబ్లికన్లకు ప్రతినిధుల సభలో 63 సీట్లు పెరిగాయి. 2014 జూన్‌లో అయితే సొంత పార్టీ సభానాయకుడు ఎరిక్ కాంటర్‌నే ప్రైమరీలో ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో ఓడించారు. టికెట్ కోసం ఢిల్లీ చుట్టూ తిరిగే మన నాయకులు నేర్చుకోవాల్సిన ముచ్చట! ఓటుతో దించడాన్ని తీవ్రవాదమంటే ఇక ప్రజాస్వామ్యం అని దేన్ని అనాలి?

2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయారు. గంటలు గడవకముందే వేళ్లన్నీ టీ పార్టీ వైపు చూపాయి. కాల్చినవాడు మానసిక రోగి. వాడికీ ఆ ఉద్యమానికీ సంబంధం ఉందనే ఆధారం ఏదీ దొరకలేదు.

ముద్ర వేస్తే ఏమవుతుందో ఉద్యోగ మిత్రులకు ఇంకా బాగా తెలుస్తుంది. పన్ను మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకున్న సంఘాల్లో 'టీ పార్టీ', 'పేట్రియట్స్' వంటి పేర్లున్న వాటిని అమెరికా పన్నుల శాఖ ఏరి పక్కన పెట్టింది. ప్రశ్న మీద ప్రశ్న వేసి ఫైళ్లు నెలలు, ఏళ్లు నానబెట్టింది. 2013 మేలో ఒప్పుకుంది. 2017లో కోర్టు కేసు రాజీలో క్షమాపణ చెప్పింది. 'ప్రోగ్రెసివ్', 'ఆక్యుపై' పేర్లున్న సంఘాలు కూడా అట్లాంటి వడపోతకు గురయ్యాయని ఆ ఏడాదే తనిఖీ నివేదికలో బయటపడింది. కుడివైపు వాళ్ల కోసం తవ్విన గోతిలో ఎడమవైపు వాళ్లూ పడ్డారన్న మాట.

అంతమాత్రాన వీళ్లకు మేము క్లీన్ చిట్ ఇస్తున్నామనుకోకండి. ఒబామాను ఆఫ్రికా మంత్రగాడిగా చూపిన బొమ్మలు సభల్లో ఊగాయి. 2010 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్, సీబీఎస్ సర్వేలో టీ పార్టీ సమర్థకుల్లో 89 శాతం తెల్లవాళ్లే. నల్లవాళ్ల కష్టాల గురించి దేశం మరీ ఎక్కువ మాట్లాడుతోందని వాళ్లలో సగానికి పైగా అన్నారు. అదే మనుషులు తాము తీసుకునే పెన్షన్, వృద్ధుల వైద్య బీమా మాత్రం ఖర్చుకు తగినవే అన్నారు. తన పెన్షన్ హక్కు, ఎదుటివాడి సాయం దుబారా! 2010 జులైలో నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ ఉద్యమంలోని జాత్యహంకారులను ఖండించమని తీర్మానం చేసింది. టీ పార్టీ ఎక్స్‌ప్రెస్ నాయకుడొకరు నల్లవాళ్లను ఎగతాళి చేస్తూ ఒక లేఖ రాస్తే, టీ పార్టీ సమాఖ్య ఆ సంస్థనే వెలివేసింది. మంచి పని. అయితే అటువంటివి ఇంకెన్ని జరగాలి! 2009లోనే పుట్టిన ఓత్ కీపర్స్ అనే సాయుధ ముఠా వాళ్లు టీ పార్టీ సభల్లో తిరిగారు. దాని వ్యవస్థాపకుడికి, 2021 జనవరి 6 నాటి పార్లమెంటు భవనం మీది దాడి కేసులో, రాజద్రోహ కుట్ర కింద 2023లో 18 ఏళ్ల శిక్ష పడింది. 2025 జనవరిలో ట్రంప్ ఆ శిక్ష తగ్గించి విడిపించారు. ఆ ముఠా, ఈ ఉద్యమం ఒకటి కావు. కానీ అటువంటివాడు మన సభలో నిలబడితే బయటికి నడవమనాల్సింది మనమే గదా!

ఇక 2013 అక్టోబరు. ఒబామా ఆరోగ్య చట్టాన్ని ఆపితే తప్ప బడ్జెట్ పాస్ కానివ్వమన్నారు టీ పార్టీ సభ్యులు. 16 రోజులు ప్రభుత్వం మూతపడింది. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. జీతం తర్వాత ఇచ్చారు, నిజమే. కానీ ఇంటి అద్దె, పాలవాడి బిల్లు అప్పటిదాకా ఆగుతాయా? ఆ చట్టం నిలిచే ఉంది. అంతకు ముందు 2011లో అప్పు పరిమితి మీద ఇట్లాగే పట్టుబడితే ఆగస్టు 5న ఎస్ అండ్ పీ సంస్థ అమెరికా రుణ రేటింగునే తగ్గించింది. చట్టసభలో చట్టం ఇచ్చిన అధికారంతోనే చేశారు గాబట్టి దీన్ని తీవ్రవాదం అనలేం. మొండితనం అంటాం, ఉద్యోగి పొట్ట మీద కొట్టి బేరమాడటం అంటాం. విమర్శకు తెలుగులో మాటలు తక్కువేం లేవు.

చివరికి ఆ అప్పు ఏమైంది? ఒబామా గద్దెనెక్కిన 2009 జనవరిలో సుమారు 10.6 లక్షల కోట్ల డాలర్లు. 2025 ఆగస్టుకు 37 లక్షల కోట్లు దాటింది. 2010లో టీ పార్టీ గాలిలో గెలిచిన మిక్ మల్వేనీ 2017లో ట్రంప్ బడ్జెట్ అధికారి అయ్యారు. లోటు తగ్గలేదు, పెరిగింది. 2009 నాటి ఊరేగింపులు మాత్రం మళ్లీ కనిపించలేదు. ఫ్రీడమ్‌వర్క్స్ 2024 మేలో దుకాణం మూసేసింది. 2025 జులైలో అప్పు పరిమితిని మరో 5 లక్షల కోట్ల డాలర్లు పెంచే బిల్లు సెనేట్‌కు వచ్చినప్పుడు ఎదురు ఓటేసిన రిపబ్లికన్లు ముగ్గురే. వాళ్లలో 2010లో గెలిచిన ర్యాండ్ పాల్ ఉన్నారు. అదే ఏడాది అదే నినాదంతో గెలిచిన మైక్ లీ అవునని ఓటేశారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.