కౌన్సిల్‌కు ముందు వారం



మున్సిపల్ కౌన్సిల్ సమావేశం జరిగిన మర్నాడు పేపర్లో ఏం వస్తుందో మీకు తెలిసిందే. ‘రసాభాసగా కౌన్సిల్’ అని హెడ్డింగు. పోడియం ముందు బైఠాయించిన సభ్యుల ఫొటో. వార్త చివర, చోటు మిగిలితే, ఒక ముక్క: అజెండాలోని అంశాలన్నిటికీ సభ ఆమోదం తెలిపింది. గంటన్నరసేపు కేకలతో హోరెత్తిన హాల్లో యాభై అరవై అంశాలు ఎప్పుడు చదివారు, ఎప్పుడు ఆలోచించారు? నేను మాట్లాడబోయేది ఆ చివరి ముక్క గురించే. మున్సిపల్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ లోపలి గదుల సంగతి నాలుగు మాటలు చెప్పగలను.

ముందు మనుషుల గురించి. మన ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపాలిటీలు నడిచేది 1965 నాటి మున్సిపాలిటీల చట్టం మీద. చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు తమలో నుంచే ఎన్నుకుంటారు. కమిషనర్‌ను ప్రభుత్వం వేస్తుంది. సమావేశం పిలిచేదీ నడిపేదీ చైర్‌పర్సన్. కమిషనర్ సభలో కూర్చుంటారు, అడిగితే వివరం చెబుతారు, ఓటు మాత్రం లేదు. అంటే ఓట్లు ఒకరి దగ్గర, ఫైళ్లు ఇంకొకరి దగ్గర. ఈ ఇద్దరికీ పడని ఊళ్లో వీధిలైటు మార్చాలన్నా మూడు నెలలు పడుతుంది. 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 12వ షెడ్యూల్‌లో పట్టణాలకు 18 విషయాలు రాసిపెట్టారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఒక టేబుల్ దగ్గర కూర్చోవడం మాత్రం వాళ్ల విజ్ఞతకే వదిలేశారు.

సమావేశం తేదీ అనుకున్నాక కమిషనర్ సెక్షన్ హెడ్లను పిలుస్తారు. ఇంజనీరింగ్, టౌన్ ప్లానింగ్, శానిటేషన్, రెవెన్యూ, పట్టణ పేదరిక నిర్మూలన చూసే మెప్మా. ఎవరి అంశాలు వాళ్లు నోటు రాసి ఇవ్వాలి. వాటిని కూర్చేది కౌన్సిల్ సెక్షన్ గుమస్తా. ఊరికి తెలియని మనిషి, కానీ ఏ అంశం ముందు రావాలో, ఏది నలభయ్యో నంబరు దగ్గర, అందరికీ ఆకలి వేసే సమయానికి రావాలో ఎరిగినవాడు. చైర్‌పర్సన్ ఒకసారి చూసి, ఒకటి రెండు తీయించి, ఒకటి రెండు చేర్పించి సంతకం పెడితే ప్రింటుకి పోతుంది. అటెండరు ఇంటింటికీ తిరిగి సభ్యుల చేత సంతకం పెట్టించుకుని ఇచ్చి వస్తాడు. ఇప్పుడు వాట్సాప్‌లో కూడా పెడుతున్నారు.

చట్టం అడిగేది ‘పూర్తి మూడు రోజుల’ నోటీసు. నోటీసు అందిన రోజూ, సమావేశం రోజూ లెక్కలోకి రావు. 30న సమావేశమైతే 26కల్లా సభ్యుడి చేతిలో ఉండాలి. 27, 28, 29 అతనివి. ఆ మూడు రోజుల్లో అతను వీధిలోకి వెళ్లి చూడాలి, ఇంజనీరును అడగాలి, మీలాంటి వాళ్లని కనుక్కోవాలి. చట్టం ఉద్దేశం అది. చాలామంది ఆ కవరు సమావేశం హాల్లోనే చింపుతారన్నది వేరే విషయం.

ఒక అంశం ఎలా ఉంటుందో చూద్దాం. ఉదాహరణకి రాసుకొచ్చాను, ఏ ఊరిదీ కాదు: ‘9వ వార్డు నందు తాగునీటి పైపులైను పొడిగింపు పనికి రూ.8.50 లక్షల అంచనా, 15వ ఆర్థిక సంఘం టైడ్ గ్రాంటు నుండి భరించుటకు, కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం.’ ఒక్క వాక్యం, ఊపిరాడదు. అందులో అసలు మాట ‘టైడ్ గ్రాంటు’. ఆ సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు మనలాంటి పట్టణాలకిచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసింది. ఆ డబ్బుతో సీసీ రోడ్డు వేయడానికి వీల్లేదు. ఇది తెలియని కౌన్సిలర్ ‘మా వార్డుకి రోడ్డేది’ అని సభలో అరగంట అరుస్తాడు. తెలిసినవాడు వారం ముందే ఇంజనీరు దగ్గర కూర్చుని, రోడ్డుని జనరల్ ఫండ్‌లో పెట్టించి, పైపులైను ఇందులో పెట్టించుకుని నిశ్శబ్దంగా వెళ్లిపోతాడు. పేపర్లో ఫొటో మొదటివాడిది.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. క్యాలెండరు. డ్రైన్లలో పూడిక తీసే పని తీసుకోండి. జూన్‌లో వాన పడుతుంది. అంతకుముందే, మే నెలాఖరుకి, పని పూర్తవ్వాలి. అది జరగాలంటే మే మొదటికల్లా కాంట్రాక్టరు పనిలోకి దిగాలి. దానికి ముందు టెండరు పిలవాలి, వచ్చినవి తెరవాలి, అగ్రిమెంటు రాయాలి. దానికన్నా ముందు అంచనాకు కౌన్సిల్ ఆమోదం. అంచనా వేయాలంటే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కాలువల వెంట తిరగాలి. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే ఫిబ్రవరిలో తేలతాం. ఫిబ్రవరి అంటే మనకి బడ్జెట్ హడావుడి, పన్ను వసూళ్ల హడావుడి, పూడిక ఎవరికీ గుర్తుకు రాదు. ఏప్రిల్‌లో గుర్తొస్తుంది, మేలో అజెండాలోకొస్తుంది, జూన్‌లో టెండరు. జూలైలో మీ వీధి మునిగితే టీవీవాళ్లు వానని తిడతారు. మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చిందంటే కొత్త పని మొదలుపెట్టేందుకే లేదు. అందుకే నాకు తెలిసిన మంచి కమిషనర్లు ఉగాదికే ఏడాది పట్టిక గోడ మీద అంటించేవాళ్లు. ఎండాకాలం ట్యాంకర్లు, పూడిక, దోమల మందు, దసరా, పన్ను నోటీసులు, షాపుల లీజు గడువులు. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ ఒడ్డున ఉన్న మున్సిపాలిటీల్లో ఘాట్ల అంశాలు ఆ ఏడాది కౌన్సిల్‌కి తెస్తే స్నానాలైపోయాక కాంక్రీటు ఆరుతుంది.

సమావేశానికి ముందు రోజు సాయంత్రం మరో భేటీ ఉంటుంది. అధికార పార్టీ కౌన్సిలర్లంతా ఎక్కడో ఒకచోట కలుస్తారు, ఎమ్మెల్యే వస్తారు. ఏ అంశానికి తల ఊపాలో, ఏది వాయిదా వేయాలో అక్కడే తేలుతుంది. ప్రతిపక్షం వాళ్లూ వాళ్ల చోట కలుస్తారు. దీన్ని పెద్ద కుట్రలా చెబుతుంటారు గానీ నేను ఒప్పుకోను. అరవై అంశాలు రెండు గంటల్లో తేలాలంటే ముందు మాట్లాడుకోక తప్పదు.

అయితే ఇలా మాట్లాడుకోవడాన్నే నేరంగా చూసే చోట్లు ఉన్నాయి. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఆస్టిన్ నగరం, అమెరికాలో టెక్సస్ రాజధాని. 2011 నాటికి అక్కడ మేయర్‌తో కలిపి కౌన్సిల్లో ఏడుగురే. కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, నలుగురు. ప్రతి సమావేశానికీ ముందు వాళ్లు ఇద్దరిద్దరుగా గదుల్లో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఏ గదిలోనూ నలుగురు లేరు కదా అనుకున్నారు. అందరూ అందరితో మాట్లాడేస్తే అది దొడ్డిదారిన కోరమేనని, బహిరంగ సమావేశాల చట్టం కింద ఫిర్యాదు వచ్చింది. కౌంటీ అటార్నీ విచారణ జరిపారు. 2012లో మేయరూ సభ్యులూ ప్రాసిక్యూషన్ వాయిదా ఒప్పందాల మీద సంతకాలు చేశారు. చట్టం గురించి శిక్షణ తీసుకోవాలన్నది అందులో ఒక షరతు. ఈలోగా వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. గురువారం కౌన్సిల్ అయితే మంగళవారం వర్క్ సెషన్ అని పెట్టారు, తలుపులు తెరిచి. ఆ అజెండా మీద ఇంజనీర్లను అడగాల్సినవన్నీ జనం ముందే అడుగుతారు, ఓటు ఉండదు. గదుల్లో గుసగుసలాడుకున్నదే హాల్లోకి వచ్చింది.

మన దగ్గర పార్టీ భేటీని ఆపే చట్టం లేదు, ఆపమనీ నేననను. కానీ మంగళవారం సంగతి మనమూ ఆలోచించవచ్చు. పెద్ద కార్పొరేషన్లలో స్టాండింగ్ కమిటీ కొంతవరకు ఈ పని చేయాలి. విశాఖలో 98 వార్డులు, అంతమంది కూర్చుని ప్రతి అంచనా చూడలేరు కదా. మున్సిపాలిటీకి ఆ వసతి కూడా లేదు.

ఇక నాకు కోపం తెప్పించేది టేబుల్ అజెండా. మూడు రోజుల ముందు పంపిన అజెండా పుస్తకంలో లేని అంశాలను సమావేశం రోజున బల్ల మీద పెట్టడం. మోటారు కాలిపోయింది, ఊరికి నీళ్లు లేవు, అలాంటిదైతే సరే. నిజానికి అలాంటి వాటికి చైర్‌పర్సన్ ముందస్తు ఆమోదంతో పని కానిచ్చి, తర్వాత కౌన్సిల్‌లో ర్యాటిఫై చేయించుకునే దారి ఉంది. టేబుల్ మీదికి వచ్చేవి ఎక్కువగా మోటార్లు కావు. లేఔట్ ఖాళీ స్థలాలు, షాపుల లీజు పొడిగింపులు, ఎప్పుడో అయిపోయిన సభల వేదిక ఖర్చులు. ఎవరూ చదవకూడదనుకున్నవి. పది కాగితాలు పిన్ను కొట్టి చేతికిస్తారు, పక్కవాడు చదివేలోపే ‘ఆమోదం’ అని వినబడుతుంది. అలాంటప్పుడు ఒక్క కౌన్సిలరైనా లేచి ‘నాకు అభ్యంతరం ఉంది, మినిట్స్‌లో రాయండి’ అంటే చాలు. కేకలక్కర్లేదు. రేపు ఆడిట్ వచ్చినా, కోర్టుకెళ్లినా మిగిలేది మినిట్స్ పుస్తకమే.

మీలో చాలామంది అర్జీ పట్టుకుని కౌన్సిల్ రోజున ఆఫీసుకి వస్తారు. ఆ రోజు అందరూ తెల్లచొక్కాల్లో ఉంటారు, ఎవరికీ వినే తీరిక ఉండదు, పైగా పుస్తకం ప్రింటై వారమవుతుంది. మీ వీధి కల్వర్టు గురించి చెప్పాలంటే అంతకు పదిహేను రోజుల ముందు రండి, సెక్షన్లో నోట్లు రాసే రోజుల్లో. కౌన్సిలర్‌కి ఒక కాపీ, ఏఈకి ఒక కాపీ ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. అజెండా చూపించమని అడగండి, 2005 సమాచార హక్కు చట్టం ఉంది, దాచుకునే కాగితం కాదది. చూపిస్తే మొదటి పేజీ కన్నా చివరి పేజీలు ముందు చదవండి.

ఇక మీరు అడగండి. ముందుగా, వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.