తలుపు పలక కొలత మనమే కట్టుకుందాం
(భీమవరంలో, కొత్తగా చదువు నేర్చిన అక్కచెల్లెళ్ళ కూడికలో చెప్పిన మాటలు)



కూడికలు, తీసివేతలు మీకు వచ్చేశాయి. "వీటితో మాకేం పని పంతులమ్మా?" అని కొందరు అడుగుతున్నారు. పని ఉందండి. ఈ రోజు చెక్క బీరువా తలుపు లెక్క వేద్దాం.

పొదుపు చేసిన డబ్బుతో టేకు బీరువా చేయిస్తాం. టేకు ఖరీదైన కలప. కొలత తప్పితే చెక్క పాడవుతుంది. కూలి డబ్బు కూడా పోతుంది. అందుకే ఈ లెక్క మనకూ తెలిసి ఉండాలి.

ముందు తలుపును చూద్దాం. చుట్టూ నాలుగు పట్టీలు ఉంటాయి. నిలువు పట్టీలు రెండు, అడ్డ పట్టీలు రెండు. ఇది చట్రం. చట్రం లోపలి అంచున గాడి తీస్తారు. ఆ గాడిలో పలక కూర్చుంటుంది. పలక మధ్యలో మందంగా, ఎత్తుగా ఉంటుంది. నాలుగు అంచులూ వాలుగా చెక్కి పల్చన చేస్తారు. ఆ పల్చని అంచే గాడిలోకి దిగుతుంది.

పలకను గాడిలో బిర్రుగా బిగించకూడదు. ఎందుకని? చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఆరి సన్నబడుతుంది. వానలకు మన ఇంటి తలుపులు పట్టేయడం చూస్తూనే ఉన్నాం కదా! మనది గోదావరి డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ నీటితో కాలువలు, వరిచేలు వచ్చాయి. తరవాత చేపల చెరువులూ వచ్చాయి. సముద్రమూ దగ్గరే. అందుకే ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ.

ఇంకో సంగతి. చెక్క నార వెంట, అంటే పొడుగున, దాదాపు పెరగదు. నారకు అడ్డంగా, అంటే వెడల్పున పెరుగుతుంది. పలకలో నార నిలువుగా ఉంటుంది. కాబట్టి వెడల్పులో ఎక్కువ సందు వదలాలి. ఎత్తులో కొంచెం చాలు.

సందు లేకుండా కోస్తే ఏమవుతుంది? పలక ఉబ్బి చట్రం మూలలు విడదీస్తుంది. మరీ చిన్నదిగా కోస్తే? ఎండాకాలంలో గాడిలోంచి బయటికి జారుతుంది. జిగురు పెట్టి చుట్టూ అతికిస్తే? సన్నబడే వీలు లేక నిలువునా పగులుతుంది.

ఇప్పుడు పలక, బలపం తీయండి. వడ్రంగులు అంగుళాన్ని 8 నూళ్ళుగా లెక్క కడతారు. 4 నూళ్ళంటే అర అంగుళం. టేపు మీద అంగుళానికి 16 గీతలుంటే, రెండు గీతలు ఒక నూలు.

మన తలుపు వెడల్పు 18 అంగుళాలు. ఎత్తు 24 అంగుళాలు. నిలువు పట్టీలు ఒక్కోటి రెండున్నర అంగుళాలు. పై పట్టీ రెండున్నర, కింది పట్టీ మూడున్నర. గాడి లోతు 3 నూళ్ళు.

వెడల్పు లెక్క:
నిలువు పట్టీలు రెండూ కలిపి 5 అంగుళాలు.
18లో 5 తీస్తే 13 అంగుళాలు. ఇది చట్రం లోపలి ఖాళీ.
రెండు వైపులా గాడి లోతు కలపాలి. 3, 3 మొత్తం 6 నూళ్ళు.
అంటే 13 అంగుళాల 6 నూళ్ళు.
ఉబ్బడానికి వైపుకు 1 నూలు చొప్పున 2 నూళ్ళు తీసెయ్యాలి.
పలక వెడల్పు 13 అంగుళాల 4 నూళ్ళు. అంటే పదమూడున్నర.

ఎత్తు లెక్క:
అడ్డ పట్టీలు రెండూ కలిపి 6 అంగుళాలు.
24లో 6 తీస్తే 18 అంగుళాలు.
గాడి లోతు 6 నూళ్ళు కలపాలి. పైన అర నూలు, కింద అర నూలు తీసెయ్యాలి.
పలక ఎత్తు 18 అంగుళాల 5 నూళ్ళు.

చూశారా! పలక అంచు రెండు పక్కలా 2 నూళ్ళు, పైనా కిందా రెండున్నర నూళ్ళు గాడిలోనే ఉంటుంది. కొద్దిగా సన్నబడినా బయటికి రాదు. కొద్దిగా ఉబ్బినా చట్రాన్ని తన్నదు.

ఈ లెక్క బాగా ఆరిన కలపకు, ఎండాకాలం పనికి. పచ్చి కలప అయితే ఏ లెక్కా నిలవదు. ముందు ఆరనివ్వాలి. వానాకాలంలో చేయిస్తే చెక్క అప్పటికే ఉబ్బి ఉంటుంది. అప్పుడు వెడల్పులో సందు తగ్గించాలి. ప్లైవుడ్ పలక అయితే ఇంత పెరగదు. దానికి ఈ భయం లేదు.

మేస్త్రిగారితో తగువు పెట్టుకోమని నేను చెప్పడం లేదండి. ఆయనకు అనుభవం ఉంది. కానీ కోత మొదలెట్టక ముందే మర్యాదగా నాలుగు మాటలు అడగండి.

"మేస్త్రిగారూ, కలప ఆరిందా?"
"గాడి ఎంత లోతండీ?"
"పలకకు సందు ఎంత వదులుతున్నారు?"
"జిగురు చట్రం మూలలకేనా, పలకకు పెట్టరు కదా?"

పాలిష్ సంగతి కూడా చెప్పండి. పలక అంచులకు బిగించక ముందే పాలిష్ వేయించాలి. లేకపోతే ఎండాకాలంలో అంచున తెల్లటి గీత బయటపడుతుంది.

ఆయన చెప్పిన కొలతలు కాగితం మీద రాసుకోండి. తలుపు వచ్చాక టేపుతో సరిచూసుకోండి. చీటీ మన చేతిలో ఉంటే మాటకు బలం ఉంటుంది.

ఇక మీరు చేయాల్సిన లెక్క. తలుపు వెడల్పు 16 అంగుళాలు, ఎత్తు 20 అంగుళాలు. నాలుగు పట్టీలూ ఒక్కోటి 2 అంగుళాలు. గాడి లోతు 3 నూళ్ళు. పలక కొలత ఎంత?

జవాబు: వెడల్పు 12 అంగుళాల 4 నూళ్ళు. ఎత్తు 16 అంగుళాల 5 నూళ్ళు.

ముందు జవాబు చూడకండి! లెక్క వేసి, పక్కనున్న అక్కకు చెప్పి, ఆ తరవాత చూడండి.