మంచు నుంచి మంచినీళ్లు



చెట్టు నీళ్లు తాగుతుందని మనకు తెలుసు. నీళ్లు పోసే చెట్టు కూడా ఒకటుండేది. కానరీ దీవుల్లోని ఎల్ హియెర్రోలో 'గరోయె' అనే చెట్టు ఆకులకు పొగమంచు తగిలి, చుక్కలై రాలేది. ఊరివాళ్లు ఆ నీటిని కింద గుంటల్లో పట్టుకునేవారు. 1610లో గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది.

నాగజెముడు జాతి ముళ్లదీ ఇదే విద్య. ముల్లు మొన సన్నం, మొదలు లావు. మొన మీద పట్టిన మంచుబొట్టు దానంతటదే మొదలు వైపు జరుగుతుందని, మొన కిందికి ఉన్నా పైకే పాకుతుందని 2012లో చైనా శాస్త్రజ్ఞులు చూపించారు.

మనిషి చేసిందల్లా కొండమీద వల కట్టడమే. చిలీలో చుంగుంగో అనే పల్లెకు 1992 నుంచి వలల నీళ్లు గొట్టాల్లో వచ్చాయి. రోజుకు సగటున 15,000 లీటర్లు! తరువాత బాగుచేసే నాథుడు లేక వలలు చినిగాయి. మళ్లీ లారీ నీళ్లే గతి అయింది. మొరాకోలో సిదీ ఇఫ్ని దగ్గరి కొండపల్లెల ఇళ్లకు 2015లో ఇలాగే నీళ్లు వచ్చాయి. గంటల తరబడి నీళ్లకోసం నడిచే ఆడవాళ్లకు ఆ శ్రమ తప్పింది.

పొగమంచు లేనిచోట వల కట్టి లాభం లేదు. ఉన్నచోటైనా, చినిగితే కుట్టేదెవరో ముందే తేల్చుకుని కట్టాలి.